క్వీన్స్ గాంబిట్, మూడో నెల: బంటు గెలిచాను, ఆట గెలవలేదు

మొన్న ఆదివారం అమలాపురంలో ర్యాపిడ్ చెస్ టోర్నీ ఆడొచ్చాను, మూడు నెలలుగా నేర్చుకుంటున్న క్వీన్స్ గాంబిట్ ఓపెనింగ్‌తో (ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరస). మనిషికి 15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లు అదనం. అయిదు రౌండ్లకి రెండున్నర పాయింట్లు. పోయినసారి ఒక్కటే కాబట్టి పర్లేదు, కానీ నాలుగో రౌండు డ్రా ఇంకా గొంతులో ముల్లులా ఉంది.

పోయినసారి ఏం జరిగిందంటే, నా బిషప్ జి5 గడిలో ఉంది, నల్ల గుర్రం మంత్రికి అడ్డంగా నిలబడి కదల్లేదు కదా అని గుర్రంతో డి5 బంటు తినేశాను. అది కదిలింది! నా గుర్రాన్ని తింది, నేను మంత్రిని లేపేసి మీసం మెలేసేలోపే బిషప్ బి4, చెక్. అడ్డానికి నా మంత్రి తప్ప దిక్కులేదు, లెక్క తేలేసరికి ఒక గుర్రం నష్టం. దీన్ని ఎలిఫెంట్ ట్రాప్ అంటారట, ఇందులో మన ఏనుగులు రెండూ మూల నుంచి కదలనే కదలవు, పేరెందుకో మరి.

అందుకే ఈసారి నాలుగో ఎత్తులోనే డి5లో బంట్లు మార్చేసుకోవడం ఒక్కటే సాధన చేశాను, రోజూ రాత్రి రొయ్యల చెరువు షెడ్డులో, బయట ఏరేటర్లు తిరుగుతుంటే. 1927లో ప్రపంచ చాంపియన్‌షిప్ కోసం అలెఖిన్, కాపబ్లాంకా ఆడిన 34 ఆటల్లో 32 క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డే (తెల్లవాళ్లు ఎరగా పెట్టిన బంటుని నల్లవాళ్లు తినకుండా వదిలేసే రకం), అవన్నీ చూసే ఓపిక నాకు లేదు. మంత్రి వైపు మనకి రెండు బంట్లు, నల్లవాళ్లకి మూడు, మన రెండూ వెళ్లి ఆ మూడింటినీ గుద్దాలి, అంతే.

నాలుగో రౌండులో ఎదురుగా హైస్కూలు కుర్రాడు. 11వ ఎత్తులో ఏనుగు బి1కి తెచ్చాను, వాడు ఎ5, నేను ఎ3, తర్వాత బి4, బి5. సి6లో వాడి బంటు వెనకబడిపోయింది, పక్కన కాపు కాసే బంటు లేదు, ముందుకి తోస్తే పోతుంది. రెండు ఏనుగుల్నీ దానిమీద పెట్టి కొట్టేశాను.

అక్కడిదాకా బాగానే ఉంది, గడియారంలోనే నిమిషం కూడా లేదు. చివరికి నాకు ఏనుగు, డి బంటు, వాడికి ఏనుగు. వాడు దాన్ని తన మూడో వరుసలో పెట్టి, నా రాజు ముందుకి రాకుండా తాపీగా అటూ ఇటూ జరిపాడు. టెన్షన్‌లో బంటు తోశాను, వెంటనే వాడు ఏనుగుని అటు చివరికి లాగి వెనకనుంచి చెక్ మీద చెక్. "అంకుల్, డ్రానా?" అన్నాడు.

చించినాడ వంతెన దాటేలోపు బస్సులోనే ఎత్తులన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఈ నెల ఓపెనింగ్ ముట్టను. బోర్డు మీద ఇద్దరు రాజులు, రెండు ఏనుగులు, ఒక బంటు, మిగతా బలగం డబ్బాలోనే.