కాటా దగ్గర ఎర్ర సముద్రం

"రొయ్య కిలోకి ఇరవై రూపాయలు తగ్గిందన్నా. ఎర్ర సముద్రంలో ఓడల్ని కొడతన్నారంట" అన్నాడు కొనేవాడు, కాటా మీద ట్రే పెడుతూ.

అప్పటికే వల లాగేశాం. ఐసు మీద రొయ్య ఇంకా తోక కొడుతూనే ఉంది. 60 కౌంట్, అంటే కిలోకి అరవై రొయ్యలు. పట్టిన సరుకు మళ్లీ గుంటలో పోయలేం కదా!

వాడిది పూర్తిగా అబద్ధం కాదులే. 2023 నవంబర్‌లో యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారుల దాడులు మొదలయ్యాక, మన రొయ్యలాంటి సరుకును విదేశాలకు మోసే చాలా కంటైనర్ ఓడలు భయపడి సూయజ్ కాలువ వదిలేసి ఆఫ్రికా చుట్టూ తిరిగి పోయాయి. పది రోజులకు పైగా ఆలస్యం, కిరాయి అదనం. మేత రేటు మాత్రం ఏ యుద్ధానికీ తగ్గదు, అదేందో!

ఇంటికొచ్చి నాన్నకు ఫోన్‌లో మ్యాప్ చూపించా. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"మన మైపాడు ఎక్కడరా ఇందులో?"