కాల్చిన ముత్యాల దీవి

మెక్సికోలోని లా పాస్ రేవులో పొద్దున్నే ఎక్కిన పడవ ఎస్పిరితు శాంతో దీవి చేరేసరికి గంట దాటింది. అక్కడివారు దాన్ని పంగా అంటారు. అడ్డంగా రెండు బల్లలు, వెనక మోటారు, మధ్యలో ఐసు డబ్బా, అంతే. పడవ నడిపిన పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. దారిపొడవునా పెద్దగా మాట్లాడలేదు. నేను ముత్యాల కోసం వచ్చానని చెప్పగానే మాత్రం మోటారు వేగం తగ్గించి, "ఇప్పుడేం మిగల్లేదు సెన్యోర్" అన్నాడు.

కొనడానికి కాదు, చూడటానికే వచ్చాను. హైదరాబాదులో పుట్టిపెరిగినవాణ్ణి. పత్తర్‌గట్టీ దుకాణాల్లో ముత్యాలను చిన్న త్రాసులో తూచడం చూస్తూ పెరిగాను. అసలైన ముత్యమంటే బస్రాదే అనేవారు మా పెద్దలు. ఇప్పుడు ఉంటున్నది శాన్ డియాగోలో. అక్కడికి దక్షిణాన, మెక్సికోలోని ఈ సముద్రం, అంటే కాలిఫోర్నియా అఖాతం కోసం స్పెయిన్ రాజులు, సేనానులు, వ్యాపారులు రెండు వందల ఏళ్లకు పైగా తల బద్దలు కొట్టుకున్నారని చదివినప్పటి నుంచి ఇక్కడికి రావాలని ఉండేది.

శాన్ గాబ్రియెల్ తీరంలో దిగాం. తెల్లటి ఇసుక, మోకాలి లోతు వరకు అద్దంలాంటి నీళ్లు. మడచెట్ల మీద నల్లని ఫ్రిగేట్ పక్షులు గుంపులుగా కూర్చున్నాయి. పక్కనే రాళ్లు పేర్చి కట్టిన పాత కాలువలు కనిపించాయి. 1903లో గాస్తోన్ వివేస్ అనే లా పాస్ ఊరివాడు ముత్యపు చిప్పలను పెంచడానికి కట్టించినవి. 1914లో, మెక్సికో విప్లవం రోజుల్లో, అదంతా ధ్వంసమైంది. ఆయన కథ వేరే రాయదగ్గది. నా మనసు అంతకంటే వెనక్కి పోతోంది.

ఇసుకలో ఒక చిప్ప దొరికితే చేతిలోకి తీసుకున్నాను. నా అరచేయంత ఉంది. పైభాగం గరుకుగా, పొరలు పొరలుగా, పాత పెంకులా ఉంది. తిప్పి చూస్తే లోపల వెండి రంగు, అంచు దగ్గరికి వచ్చేసరికి నెమలి మెడలా ఆకుపచ్చగా, నల్లగా మారుతోంది. ఎండకు అటూ ఇటూ తిప్పినకొద్దీ రంగు కదులుతోంది. దీవి మీది నుంచి ఏదీ తీసుకుపోకూడదు. ఉన్నచోటే పెట్టేశాను.

కాస్త పైన, రాతి చరియ కింద, గుల్లల దిబ్బ ఉంది. ఈ దీవి పెరికూ అనే ఆదివాసీ జనానిది. వాళ్లకు ముత్యపు చిప్ప ముందు తిండి. నిప్పుల మీద పెడితే అదే నోరు తెరిచేది, లోపలి మాంసం తినేవారు. ముత్యం ఉంటే మంటకు నల్లబడేది. దాన్ని పారేసేవారు కాదు, చుట్టూ గాడి గీసి, దారం బిగించి అలంకరించుకునేవారు. మంచి సరుకు మంటపాలవుతోందని స్పెయిన్‌వారు రాతల్లో వాపోయారు. ఆ దిబ్బ ముందు నిలబడితే నాకు పెరికూల లెక్కే సబబనిపించింది. ఆకలి తీరాక అందం.

1533లో ఫోర్తూన్ హిమేనెజ్ అనే నావికుడు తన కెప్టెన్‌ను చంపి ఓడను చేజిక్కించుకుని ఈ అఖాతానికి వచ్చాడు. స్థానికుల చేతిలో చచ్చాడు. బతికి బయటపడ్డవాళ్లు ముత్యాల కబురు మోసుకుపోయారు. 1535 మే 3న ఎర్నాన్ కోర్తెస్ స్వయంగా దిగాడు. ఆయన తెచ్చినవాళ్లలో కొందరు ఆకలితోనే పోయారు, వలస నిలబడలేదు. 1615లో కార్దోనా కంపెనీ వంతు వచ్చింది. రాజు ఇచ్చిన అనుమతి పత్రంతో నికొలాస్ దె కార్దోనా, హువాన్ దె ఇతుర్బె మూడు ఓడల్లో అకపుల్కో నుంచి బయలుదేరారు. వాటిలో ఒకదాన్ని డచ్చివాళ్లు పట్టుకున్నారు. దొరికిన ముత్యాల్లో రాజుగారి అయిదో వంతు ఎప్పుడూ ఉండేది. పెట్టుబడి పెట్టినవాడికి మిగిలేది మాత్రం అప్పులే.

చివరికి గట్టెక్కినవాడు ఒక సిపాయి. పేరు మాన్వెల్ దె ఓసియో, అందలూసియావాడు. ఈ తీరంలోనే ఉన్న లొరెతో ఊరి దండులో జీతగాడు, ఆ దండు కెప్టెన్‌కు అల్లుడు. జెసూట్ ఫాదరీలు తమ సిపాయిలను ముత్యాల జోలికి పోనిచ్చేవారు కాదు. 1740 ప్రాంతంలో, శాన్ ఇగ్నాసియో మిషన్ (ఫాదరీల మతప్రచార కేంద్రం) తూర్పు తీరంలో, ఒక తుపాను ముత్యపు చిప్పలను కుప్పలుగా ఒడ్డుకు విసిరేసింది. అక్కడి జనం ముత్యాలు తెచ్చి సిపాయిలకు ఇచ్చారు. ఓసియో వెంటనే కొలువు వదిలేశాడు. ముత్యాలను గ్వాదలహారా చేర్చి అమ్మాడు, పడవలు కొన్నాడు, అఖాతం అవతల నుంచి యాకీ తెగవాళ్లను మునగడానికి పిలిపించాడు. రెండు మూడేళ్లలో వందల పౌండ్ల బరువున్న ముత్యాలు కూడబెట్టాడు. రాజపత్రాలతో వచ్చినవాళ్లకు అందని సంపద అది. దాని దారి చూపింది ఆ ఒడ్డున బతికిన మనుషులు. వాళ్లలో ఒక్కరి పేరూ నాకు ఎక్కడా కనిపించలేదు.

ఆ మునక ఎలా ఉంటుందో తెలుసుకోవాలని నేనూ నీళ్లలో దిగాను. కళ్లద్దాలు, కాళ్లకు రెక్కలు ఉండి కూడా రెండు నిలువుల లోతులోనే చెవుల్లో సూదులు గుచ్చినట్టయింది. పైకి వచ్చి పడవ అంచు పట్టుకుని ఆయాసపడ్డాను. యాకీలు ఉత్త ఒంటితో, నడుముకు వల సంచి కట్టుకుని, అంతకు ఎన్నో రెట్ల లోతుకు దిగేవారు. ఎండలు మండే జూలై నుంచి సెప్టెంబరు దాకా, రోజంతా అదే పని. పెద్దాయన నాకు నీళ్లసీసా అందిస్తూ, తన తాత కూడా మునిగేవాడని, ముసలితనంలో ఒక చెవి వినపడేది కాదని చెప్పాడు. సాయంత్రం వెనక్కి వస్తుంటే లా పాస్ వైపు నుంచి చల్లటి గాలి మొదలైంది. ఆ ఊరివాళ్లు దాన్ని కొరొమ్వెల్ అంటారు. ఇద్దరం మాట్లాడుకోకుండా ఆ గాలికి ముఖం పెట్టి కూర్చున్నాం.

మర్నాడు కారు మాట్లాడుకుని శాన్ ఆంటోనియో వైపు కొండల్లోకి వెళ్లాను. చిప్పలు తరిగిపోతుండగా ఓసియో ముత్యాల డబ్బును వెండి గనులకు మళ్లించాడు. 1748లో అక్కడికి దగ్గర్లోనే శాంతా ఆనా ఊరు కట్టాడు. అప్పట్లో కాలిఫోర్నియా అంటే ఈ ద్వీపకల్పమే, అందులో మిషన్‌కు చెందని మొదటి స్థావరం అదే. ఆ ఏళ్లలోనే పెరికూలను అంటురోగాలు తుడిచిపెట్టాయి. ఆ శతాబ్దం ముగిసేసరికి దీవి మీద నిప్పు రాజేసే మనిషి లేడు. ఓసియో కూడా సుఖంగా పోలేదు. 1771లో దొంగల చేతిలో హతమయ్యాడు.

ఎండిన వాగు ఇసుకలో, ముళ్లచెట్ల నీడన చాలాసేపు నిలబడ్డాను. 1768లో స్పెయిన్ రాజు పంపిన తనిఖీ అధికారి హోసె దె గాల్వెజ్ శాంతా ఆనాలోనే బస చేశాడు. ఉత్తరాదికి పంపబోయే యాత్ర గురించి ఫాదర్ హునిపెరో సెర్రాతో మాట్లాడింది అక్కడే. మరుసటి జనవరిలో లా పాస్ నుంచి 'శాన్ కార్లోస్' ఓడ బయలుదేరింది. ఏప్రిల్ 29న శాన్ డియాగో చేరేసరికి అందులోని నావికులు స్కర్వీతో, అంటే సి విటమిన్ లేక వచ్చే జబ్బుతో, లేవలేని స్థితిలో ఉన్నారు. చాలామందిని ఆ ఒడ్డునే పూడ్చారు.

ఆ రాత్రి లా పాస్ నుంచి విమానం ఎక్కాను. తిహువానాలో దిగి, సరిహద్దు దాటి, అర్ధరాత్రికల్లా శాన్ డియాగోలో మా ఇంటి తలుపు తీశాను.