కారు నెత్తిన పందిరి మంచం

రాజోలు దగ్గర మా అమ్మమ్మగారి ఇల్లు అమ్మేశాక టేకు పందిరి మంచం నా వాటాకి వచ్చింది. దాన్ని కాకినాడ చేర్చాలి. మినీ వ్యాన్ మాట్లాడితే సరిపోయేది గానీ, ఆ నగిషీ చెక్కని ఏ సిమెంటు బస్తాల పక్కన పడేస్తారోనని నా టెన్షన్. "కారు మీదే కడతా" అంటే మా బావ ఒకటే నవ్వు.

ముందు కారుతో ఇచ్చిన పుస్తకం తీశాను. పైకప్పు మీద 50 కిలోలు మించకూడదని ఉంది, అదీ క్యారియర్ బరువుతో కలిపి. చిన్న కార్లకి చాలావాటికి ఇంచుమించు ఇంతే. ఆగి ఉన్న కారు అంతకంటే ఎక్కువే ఓర్చుకుంటుంది. మలుపులు, బ్రేకులు, గతుకులు మొదలయ్యాకే అసలు సంగతి తెలుస్తుంది. కొన్ని కార్ల మీద పొడుగ్గా కనిపించే రెయిల్స్ ఉత్త షోకుకే, వాటికి బరువు కట్టకూడదు. మా కారుకి అవీ లేవు. తలుపుల పైఅంచుని పట్టుకునే అడ్డకడ్డీలు రెండు కొన్నాను. వాటి బరువు ఐదు కిలోలు. అంటే నాకు మిగిలింది 45.

మంచం విప్పి, ముక్కలన్నీ ఊళ్లో బియ్యం కొట్టు కాటా మీద పెట్టించాను. మొత్తం వంద దాటింది! మంచం కోళ్లు, తలవైపు నగిషీ బల్ల వెనక సీటు మడిచి లోపల పెట్టేశాం. పట్టెలు, పందిరి కర్రలు, పలచటి అడుగు చెక్కలు మాత్రమే పైకి. అవి 38 కిలోలు తూగాయి. బరువు లోపల, పొడుగు పైన, అంతే. నెత్తిన బరువు పెరిగేకొద్దీ మలుపులో బండి పక్కకి ఒరుగుతుంది, బ్రేకు కూడా ఆలస్యంగా పడుతుంది.

కట్టడానికి పక్కింటి పెద్దాయన వచ్చాడు. అంబాజీపేట కొబ్బరి లారీలకి లోడు కట్టి కట్టి చేతులు కాయలు కాసిన మనిషి. నేను తెచ్చిన బెల్టులు రెండూ అడ్డంగా బిగించి గర్వంగా చూస్తుంటే, "ఆయ్, బానే ఉందండి బాబూ. మరి బ్రేకేస్తే సరుకు ముందుకి పోద్ది కదండీ? దానికేటి కట్టారు?" అన్నాడు.

నిజమే. అడ్డంగా వేసిన బెల్టు సరుకుని కిందకి నొక్కుతుందే గానీ ముందుకి జారకుండా ఆపేది ఒట్టి రాపిడే. టూల్ కిట్‌లో ఉన్న టోయింగ్ కొక్కెం తీసి, బంపర్ మీద చిన్న మూత ఊడదీసి, ఆ మరలో బిగించాను. పెద్దాయన కట్టకి ముందు కొసన తాడు ముడేసి, ఆ తాడు మధ్యలో చిన్న ఉచ్చు వేశాడు. మిగిలిన కొసని కొక్కెంలోంచి తిప్పి, మళ్లీ పైకి తెచ్చి ఆ ఉచ్చులోంచి దూర్చి కిందకి లాగాడు. కప్పీ వేసినట్టే, ఒంటి చేత్తో లాగినా తాడు తీగలా బిగిసింది. వెనకా అంతే.

బరకం సంగతి కూడా ఆయనే చెప్పాడు. తాళ్లన్నీ కట్టాక పైన కప్పితే గాలికి తెరచాపలా లేస్తుందట. అందుకని కట్టినవన్నీ విప్పి, ముందు గోనెపట్టాలు, వాటి మీద బరకం బిగుతుగా చుట్టి, ఆ తర్వాతే బెల్టులు, తాళ్లు మళ్లీ వేశాం. బెల్టుకి ఒక మెలిక వేస్తే గాలికి బుర్రుమని మోగదు. మిగిలిన కొసలు వేలాడకుండా ముడేశాం. సరుకు ఏ వైపూ బయటికి పొడుచుకు రాకుండా నేను పట్టుబట్టాను. సరుకు పరిమితి దాటి బయటికి వస్తే 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం కింద జరిమానా 20,000 రూపాయలు. మంచం ఖరీదెంతో గానీ అంత పోగొట్టుకునే సరదా నాకు లేదు.

తాటిపాక సెంటర్లో ఆపి చూస్తే ముందు తాడు కాస్త వదులైంది. సరుకు సర్దుకుంటుంది గనక మొదటి కొద్ది కిలోమీటర్లలోనే ఒకసారి దిగి చూసుకోవాలి. మళ్లీ బిగించాం. వేగం 60 దాటనివ్వలేదు. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలవుతుంది, లారీవాళ్లు హారన్ కొడితే కొట్టుకోనీ.

బోడసకుర్రు వంతెన మీద ఏమీ అనిపించలేదు. ఎదుర్లంక దగ్గర గౌతమి దాటుతుంటే మాత్రం పక్క గాలి కారుని ఒక్క తోపు తోసింది. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని 40కి తగ్గించాను. బావ మాట్లాడటం మానేసి పైకప్పు వంకే చూస్తూ కూర్చున్నాడు. యానాం చేరాక టీకి ఆగి తాళ్లు తట్టి చూస్తే ఒక్కటీ సడల్లేదు.

కాకినాడలో దింపాక అడ్డకడ్డీలు ఆ సాయంత్రమే విప్పేశాను. ఉత్తినే ఉంచితే గాలి చప్పుడు, పెట్రోలు దండగ. బావ అవి అడిగి పట్టుకెళ్లాడు, వాళ్లమ్మాయికి స్టడీ టేబుల్ తేవాలిట.