మీ నాన్నకీ ఇదే ఇష్టం

ఆదివారం. పొద్దున్నుంచీ ముసురు వదల్లేదు. బట్టలు హాల్లోనే తాడు కట్టి ఆరేసి, వాటి పక్కనే కూర్చుని మధ్యాహ్నం నేనూ మా అబ్బాయీ ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ చూశాం. నాకిది నాలుగోసారి, వాడికి మొదటిసారి. 2019లో అది హాళ్లకు వచ్చినప్పుడు వాడికింకా మాటలే సరిగ్గా రావు.

ఐరన్ మ్యాన్ టోనీ స్టార్క్ చనిపోగానే వాడికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. “గెలిచారు కదా, మళ్లీ ఆయన్నెందుకు చంపేశారు? ఇదేం ఎండింగమ్మా? నీకెందుకంత ఇష్టం?” అని నిలదీశాడు. అప్పటికేదో చెప్పాను గానీ ఆ జవాబు నాకే సరిపోలేదు. వాడు పడుకున్నాక ఇప్పుడు రాసుకుంటున్నాను.

సూపర్ హీరో సినిమాలో చివరికి ఎవరు గెలుస్తారో టికెట్ కొన్నప్పుడే తెలుసు. అందుకే గెలుపు ఎంత పెద్దదైనా నాకు మనసు నిండదు. ఆకాశం చీలి, మేడలు కూలి, వేలమంది కొట్టుకుంటుంటే కాసేపటికి కళ్లు అలసిపోతాయి, అంతే. ఆ మనిషి ఏం పోగొట్టుకోబోతున్నాడో నాకు ముందే తెలిసుండాలి. ఎండ్‌గేమ్ ఆ పని ఎంతో ఓపిగ్గా చేస్తుంది. సరస్సు పక్కన ఇల్లు, భార్య పెప్పర్, చిన్నకూతురు మోర్గాన్. థానోస్ అనే విలన్ చిటిక వేసి లోకంలో సగం ప్రాణుల్ని మాయం చేసిన ఐదేళ్ల తర్వాత, వాళ్లని తిరిగి తేవడానికి స్టీవ్ (కెప్టెన్ అమెరికా) వాళ్లు సాయం అడగడానికొస్తే టోనీ కుదరదంటాడు. కథంతటిలో నాకు చాలా విలువైన మాట అది. ఆ రాత్రి వంటింట్లో సింక్ దగ్గర, ఆ పోయినవాళ్లలో ఒకడైన కుర్రాడు పీటర్ (స్పైడర్ మ్యాన్)తో దిగిన ఫోటో కంటపడ్డాక గానీ ఆయన మనసు మారదు. మారినా ఒక షరతు పెడతాడు. పోయినవాళ్లని తెచ్చుకుందాం, కానీ ఈ ఐదేళ్లలో నాకు దొరికింది మాత్రం పోకూడదు అని. అది పోలేదు. మోర్గాన్ ఉంది. ఆయనే లేడు.

దీనికి ముందు కథ ‘ఇన్ఫినిటీ వార్’లో మాంత్రికుడు డాక్టర్ స్ట్రేంజ్ 1,40,00,605 భవిష్యత్తులు చూసొచ్చి, ఒక్కదాంట్లోనే గెలుస్తామంటాడు. ఎండ్‌గేమ్ చివరి యుద్ధంలో టోనీ వైపు చూసి ఒక వేలు ఎత్తుతాడు. మాట లేదు. ఇవాళ ఆ వేలు దగ్గర సినిమా ఆపి మా వాడి మొహం చూశాను. “ఇప్పుడాయన వెళ్తాడు,” అన్నాడు మెల్లగా. వాడికి అర్థమైంది, కాకపోతే ఒప్పుకోబుద్ధి కాలేదు. టోనీని ఎవరూ తొయ్యలేదు. అన్నీ తెలిసి తనే వెళ్లాడు. థానోస్ సైన్యాన్ని మాయం చెయ్యడానికి, తన ప్రాణం తీసే చిటిక వేసే ముందు ‘నేనే ఐరన్ మ్యాన్’ అంటాడే, 2008లో మొదటి సినిమా చివర విలేఖర్ల ముందు అన్నదీ అదే మాట. అప్పుడు దర్జాగా అన్నాడు. పదకొండేళ్ల తర్వాత అదే మాట ప్రాణం పెట్టి అన్నాడు.

స్టీవ్ రోజర్స్ సంగతీ అంతే. 2011 సినిమాలో తను ప్రేమించిన పెగ్గీకి బాకీ పడ్డ డాన్సు ఎండ్‌గేమ్ ఆఖరి షాట్‌లో తీరుతుంది. కాలంలో వెనక్కి వెళ్లడం గురించి ఆ సినిమా చెప్పిన లెక్కలు కుదిరాయా లేదా అని జనం ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు ఆ లెక్కలతో పని లేదు. ఆ పాట మొదలవగానే గొంతు పట్టేస్తుంది.

మా వాడికి ఇష్టమైన ముగింపు 2021లో వచ్చిన ‘స్పైడర్ మ్యాన్: నో వే హోమ్’ది. ఒక మంత్రం వల్ల లోకమంతా పీటర్‌ని మర్చిపోతుంది. చెప్పాల్సిందంతా కాగితం మీద రాసుకుని తన ప్రేయసి ఎంజే పనిచేసే డోనట్ షాపుకి వెళ్తాడు. తన పోరాటంలో తగిలిన దెబ్బకి ఆమె నుదుటి మీద వేసిన చిన్న ప్లాస్టర్ చూసి, ఏమీ చెప్పకుండా కాఫీ తీసుకుని బయటికొచ్చేస్తాడు. ఆ కాఫీ కప్పు పట్టుకుని తలుపు దాటడం విలన్లందరితో కొట్లాడటం కంటే కష్టం. వాడికది తెలుసు కాబట్టే ఆ సీన్ వచ్చినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుంటాడు.

ఇవన్నీ నిజమే. కానీ వాడడిగింది నాకెందుకు ఇష్టమని. అది చెప్పలేదు.

ఎండ్‌గేమ్‌లో టోనీ అంత్యక్రియలు అయిపోయాక ఇంటి అరుగు మీద, ఆయన డ్రైవరూ స్నేహితుడూ అయిన హ్యాపీ హోగన్ మోర్గాన్ పక్కన కూర్చుంటాడు. ఆకలేస్తోందా అని అడుగుతాడు. చీజ్‌బర్గర్లు కావాలంటుంది. మీ నాన్నకీ చీజ్‌బర్గర్లంటే ఇష్టం, ఎన్ని కావాలంటే అన్ని తెచ్చిపెడతా అంటాడు. మొదటి సినిమాలో మూడు నెలలు బందీగా ఉండి తిరిగొచ్చిన టోనీ ముందుగా అడిగింది చీజ్‌బర్గరే. ఆ సినిమా తీసిన దర్శకుడు జాన్ ఫావ్రోనే హ్యాపీ వేషంలో ఆ పాప పక్కన కూర్చుని ఉన్నాడు. ఈ సంగతి తెలిశాక ఆ సీన్ నాకు ఇంకా బరువైంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు తెనాలిలో మా నాన్న పోయారు. ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. ఎక్కడ చూసినా జనం, అమ్మ చుట్టూ ఆడవాళ్లు. నేను పెరట్లో బావి గట్టు దగ్గర కూర్చున్నాను. సాయంత్రం బాబాయి వచ్చి పక్కన చతికిలబడి, “ఆకలేస్తోందా తల్లీ?” అన్నాడు. అలాంటి రోజున ఆకలేస్తోందని చెప్పడం తప్పేమోనని భయమేసింది. తలూపాను. వీధి చివర హోటల్‌కి నడిపించుకెళ్లి అల్లం పెసరట్టు చెప్పాడు. “మీ నాన్నకీ ఇదే ఇష్టం,” అన్నాడు. ఇష్టంగా ఉండేది అనలేదు. ఇష్టం అన్నాడు. ఆ పెసరట్టు వేడి, అల్లం ఘాటు నాకు ఇప్పటికీ గుర్తే.

సినిమా చివర వేసే పేర్లన్నీ అయిపోయేదాకా మా వాడు కదల్లేదు, ఇంకో సీన్ ఉంటుందని. ఎండ్‌గేమ్‌లో అది లేదు, చివర ఇనుము మీద సుత్తి దెబ్బల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. మొదటి సినిమాలో టోనీ గుహలో తన కవచం చేసుకుంటున్నప్పటి చప్పుడది. అది కూడా విన్నాక, “తాతయ్యకి ఏం ఇష్టం అమ్మా?” అని అడిగాడు. ఎప్పుడూ అడగలేదు వాడు.

రాత్రి బాబాయికి ఫోన్ చేశాను. ఆ రోజు గుర్తుందా అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

“నువ్వు రెండు తిన్నావమ్మా. నాది కూడా నీ ప్లేటులోనే వేసేశా. నాకు మింగుడు పడలేదు.”

ఒక్కటే తిన్నాననుకున్నాను ఇన్నాళ్లూ. ఆయన తిన్నాడో లేదో ఒక్కసారైనా తలచుకోలేదు. ఈ సినిమా నాలుగుసార్లు చూశాను కదా, నాలుగుసార్లూ అరుగు మీద మోర్గాన్‌నే చూశాను. పక్కన కూర్చున్న హ్యాపీ మొహం సరిగ్గా చూడనేలేదు.

బాబాయి వచ్చే ఆదివారం వస్తానన్నాడు. పెసలు తెప్పించాలి.