ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లో హెచ్‌ఎస్‌ఏని వదిలేయకండి

అక్టోబరు దాటిందంటే చాలు, ఇక్కడ అమెరికాలో మన వాట్సాప్ గ్రూపులన్నింట్లో ఒకటే చర్చ: వచ్చే ఏడాదికి ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ ఎంచుకునే ఈ ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లో పీపీఓ (డిడక్టిబుల్ తక్కువుండే మామూలు ప్లాన్) తీసుకోవాలా, హై డిడక్టిబుల్ ప్లానా? డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యేలోపు మనం పెట్టుకోవాల్సిన ఖర్చు, ఆ అంకె చూసి భయపడి చాలామంది పీపీఓకి టిక్ పెట్టేస్తారు. హై డిడక్టిబుల్ ప్లాన్‌తో వచ్చే హెచ్‌ఎస్‌ఏ (వైద్యం ఖర్చులకి టాక్స్ లేకుండా దాచుకునే ఖాతా) సంగతి అడిగితే, ఏడాదిలోపు ఖర్చు పెట్టకపోతే డబ్బు పోతుంది కదా అంటారు. అలా పోయేది ఎఫ్‌ఎస్‌ఏ అని ఆఫీసు ఇచ్చే ఇంకో రకం ఖాతాలో. హెచ్‌ఎస్‌ఏలో వేసింది ఎన్నేళ్లయినా మీదే, ఉద్యోగం మారినా మీతోనే వస్తుంది, లేఆఫ్ అయితే కోబ్రా (పాత ఆఫీసు ఇన్సూరెన్స్‌నే సొంత డబ్బుతో కొనసాగించుకోవడం) ప్రీమియం కూడా అందులోంచే కట్టుకోవచ్చు. హెచ్1బీ మీద ఉన్న కుటుంబాలకి ఇదెంత ధైర్యమో వేరే చెప్పాలా?

2026లో హెచ్‌ఎస్‌ఏలో వేయగలిగే పరిమితి ఫ్యామిలీ ప్లాన్‌కి 8,750 డాలర్లు, ఒక్కరికైతే 4,400. కంపెనీ వేసేదీ ఇందులోకే వస్తుంది కాబట్టి వాళ్లు 1,500 ఇస్తే మీరు 7,250 వేయొచ్చు. దాన్ని జీతంలోంచే కట్ చేయించుకోండి, అప్పుడు ఇన్‌కమ్ టాక్స్‌తో పాటు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద పోయే 7.65 శాతం కూడా మిగులుతుంది, అదే మీ బ్యాంకు ఖాతా నుంచి వేస్తే ఆ 7.65 మిగలదు. 22 శాతం స్లాబ్‌లో ఉన్నవాళ్లకి ఆ 7,250 మీద దాదాపు 2,150 డాలర్ల ఆదా. కాలిఫోర్నియా, న్యూజెర్సీ వాళ్లకి మాత్రం స్టేట్ టాక్స్ మినహాయింపు రాదు.

ఇక నేను అందరికీ పదేపదే చెప్పేది రసీదుల గురించి. చేతిలో డబ్బుంటే హెచ్‌ఎస్‌ఏ కార్డు గీకకండి. బిల్లు జేబులోంచి కట్టి, రసీదూ, ఇన్సూరెన్స్ వాళ్లు పంపే ఈఓబీ (వాళ్ల వంతెంతో, మన వంతెంతో చూపే కాగితం) రెండూ స్కాన్ చేసి పెట్టుకోండి, ఖాతాలో డబ్బుని ఇండెక్స్ ఫండ్‌లో పెరగనివ్వండి. ఖాతా తెరిచాక అయిన ఖర్చయితే చాలు, పదేళ్ల తర్వాతైనా ఆ రసీదు ఆధారంగా టాక్స్ లేకుండా తీసుకోవచ్చు. ఖాతా తెరవకముందు అయిన ఖర్చు పనికిరాదు, అందుకే ప్లాన్ మొదలైన వెంటనే కొంచెమైనా వేసి తెరిచేయండి. వైద్యానికి కాకుండా 65 ఏళ్లలోపు తీస్తే టాక్స్‌తో పాటు 20 శాతం పెనాల్టీ.

మనవాళ్లందరూ అడిగేది ఇంకోటుంది. ఊళ్లో అమ్మకి మోకాలి ఆపరేషన్ అయితే దీంట్లోంచి కట్టొచ్చా? కుదరదు. ఇండియాలో ఉంటున్న అమ్మానాన్నలు మామూలుగా ఇక్కడి టాక్స్ లెక్కలో మన డిపెండెంట్లు కారు. కానీ సెలవులకి వెళ్లినప్పుడు విజయవాడలో మీరు చేయించుకున్న రూట్ కెనాల్‌కి వాడుకోవచ్చు, బిల్లు జాగ్రత్త చేసుకోండి.

మీ ఆవిడకో, మీ ఆయనకో వాళ్ల ఆఫీసులో మామూలు ఎఫ్‌ఎస్‌ఏ ఉంటే మీరు హెచ్‌ఎస్‌ఏలో వేయడానికి అర్హులు కారు, ఇది ముందే చూసుకోండి.

వచ్చే ఏడాది కాన్పు ఉన్నా, నెలనెలా ఖరీదైన మందులు వాడుతున్నా, డిడక్టిబుల్ మొత్తం చేతిలో లేకపోయినా పీపీఓనే మంచిది కావచ్చు. రెండు ప్లాన్ల ఏడాది ప్రీమియం తేడా, కంపెనీ ఇచ్చే డబ్బు, టాక్స్ ఆదా ఒకవైపు వేసి, రెండింటి ఔట్ ఆఫ్ పాకెట్ మాక్సిమమ్ (ఏడాదిలో వైద్యానికి మన జేబులోంచి పోయే గరిష్ఠ మొత్తం) తేడా రెండోవైపు వేసి చూడండి. టిక్ పెట్టేది ఆ తర్వాతే.