రైతు పేరు బదులు కొక్కేలు: సర్వర్ మార్చిన నా అనుభవం

కోపం చల్లారకముందే రాసేస్తున్నా. రేపైతే మర్యాదగా రాస్తానేమోనని భయం.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నా ఉద్యోగం. చేరింది అకౌంట్స్‌లో. కంప్యూటర్ సంగతి కాస్తో కూస్తో తెలిసినవాణ్ణి నేనే కాబట్టి డేటాబేస్ కూడా నా నెత్తిన పడింది. మా పాత సర్వర్లో ఉన్నది ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014, అంటే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఒక పాత వెర్షన్. దానికి మైక్రోసాఫ్ట్ పొడిగించిన సపోర్ట్ 2024 జులై 9తో ముగిసింది. తోతాపురి కాయ దిగేలోపు 2022 వెర్షన్‌కి మార్చేయమన్నారు మా ఓనరు.

ఇందుకోసం తిరుపతిలో ఒక కోచింగ్ సెంటర్‌కి ఫీజు కట్టాను. ఫుల్, డిఫరెన్షియల్, లాగ్ అంటూ బ్యాకప్ రకాలు బట్టీ పట్టించారు గానీ ఒక్కసారి కూడా రిస్టోర్, అంటే బ్యాకప్ నుంచి డేటా తిరిగి ఎక్కించడం, చేయించలేదు. ఆ డబ్బుతో ల్యాప్‌టాప్‌కి ర్యామ్ వేయించుకున్నా మేలే. నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఎస్‌క్యూఎల్ సర్వర్ డెవలపర్ ఎడిషన్ ఉచితంగా దొరుకుతుంది. ఫ్యాక్టరీ పనికి వాడకూడదు, నేర్చుకోడానికి మాత్రం అన్నీ ఉంటాయి. ఇంట్లో వేసుకుని, డేటాబేస్ చెడగొట్టి, బ్యాకప్ నుంచి మళ్లీ నిలబెట్టండి. నేను నేర్చుకున్నది అంతా అలాగే.

మార్పిడి సాఫీగానే జరిగింది. పాతదాంట్లో ఫుల్ బ్యాకప్ తీసి కొత్తదాంట్లో రిస్టోర్ చేశాను, డేటా చెడిందేమో చూసే చెక్‌డీబీ నడిపాను, తప్పులేం రాలేదు. లాగిన్లు, ఏజెంట్ జాబులు (సర్వర్ టైము ప్రకారం తనంతట తాను చేసే పనులు) డేటాబేస్‌తో పాటు రావు, వాటిని విడిగా తెచ్చుకోవాలి. డేటాబేస్ ఏ వెర్షన్ పద్ధతిలో నడవాలో చెప్పే కంపాటబిలిటీ లెవెల్ 2014 నాటి 120లోనే ఉండిపోతుంది, అన్నీ సరిచూసుకున్నాక 2022దైన 160కి పెంచుకోవచ్చు. ఒకటి మాత్రం గట్టిగా చెప్తా: 2022లో తీసిన బ్యాకప్ 2014లో ఎక్కదు. వెనక్కి దారి లేదు కాబట్టి పాత సర్వర్‌ని వెంటనే పీకేయకండి.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చినాయన ఇదే అదను అనుకుని తన ప్రోగ్రాం కొత్త వెర్షన్ అంటగట్టాడు. సీజన్ మొదలైంది. బంగారుపాళెం, తవణంపల్లె వైపు నుంచి ట్రాక్టర్లు కాటా దగ్గర బారులు తీరాయి. కొత్తగా పేరు నమోదు చేయించుకున్న ఒక పెద్దాయన కాటా చీటీ పట్టుకుని నేరుగా నా బల్ల దగ్గరికొచ్చాడు. బరువు సరిగ్గా ఉంది, రేటు సరిగ్గా ఉంది. పేరు ఉండాల్సిన చోట వరుసగా ప్రశ్నార్థకాలు.

"ఇవేంది సామీ, కొక్కేలు? నా పేరు ఏడ? దీన్ని ఎత్తుకోని పోయి నేనే అంటే నమ్మేదెవురు?"

వెనకాల క్యూ అంతా నవ్వింది. విచిత్రమేమంటే పాత రైతుల చీటీలు శుభ్రంగా తెలుగులోనే వస్తున్నాయి. కొత్తవాళ్ల పేర్లే కొక్కేలు.

సాఫ్ట్‌వేర్ ఆయనకి ఫోన్ చేస్తే ముందు ప్రింటర్లో తెలుగు ఫాంట్ లేదన్నాడు. ఫాంట్ లేకపోతే డబ్బాలు వస్తాయి గానీ ప్రశ్నార్థకాలు ఎందుకొస్తాయి? తర్వాత సర్వర్ కొలేషన్, అంటే అక్షరాలను ఎలా దాచాలి, ఎలా వరుసపెట్టాలి అనే సెట్టింగు, తప్పన్నాడు. ఆఖరికి ఓనరు ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడుతుంటే, "మీవాడికి రిస్టోర్ చేయడం రాలేదు సార్, అనుభవం ఉన్నవాళ్లను పెట్టుకోండి" అన్నాడు. గదిలో సూపర్‌వైజర్లు, కాటా కుర్రాళ్లు అందరూ ఉన్నారు. ఎవరూ నా వైపు చూడలేదు, అది ఇంకా ఘోరం.

ఆ రాత్రి ఇంటికి పోలేదు. టేబుల్లో ఆ పేరు మొదటి అక్షరానికి యూనికోడ్ నంబరు, అంటే కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఉండే నంబరు, అడిగాను. తెలుగు 'గ' అయితే 3095 రావాలి. 63 వచ్చింది. 63 అంటే అచ్చంగా ప్రశ్నార్థకమే. అంటే టేబుల్లోకే అలా పోయింది, ప్రింటర్ పాపం అమాయకురాలు. కాలమ్ రకం చూస్తే యూనికోడ్ అక్షరాలు దాచే ఎన్‌వార్‌చారే, అందులో తెలుగు నిక్షేపంగా పడుతుంది. మరి దారిలో ఎక్కడ చెడింది? సర్వర్‌కి వచ్చే ఆదేశాలను రికార్డు చేసే ఎక్స్‌టెండెడ్ ఈవెంట్స్‌తో ఒక సెషన్ పెట్టి, ఒక ఉత్తుత్తి రైతును నమోదు చేసి, ప్రోగ్రాం ఏం పంపుతోందో పట్టుకున్నాను. అక్కడ దొరికాడు. కొత్త వెర్షన్ పేరును పారామీటర్‌గా, అంటే ఆదేశం నుంచి విడిగా, పంపకుండా డేటా చేర్చే ఇన్సర్ట్ వాక్యంలోనే కొటేషన్ల మధ్య అతికిస్తోంది, కొటేషన్ ముందు ఇది యూనికోడ్ అని చెప్పే 'ఎన్' (N) అక్షరం కూడా లేదు. అది లేకపోతే సర్వర్ ఆ పేరును డేటాబేస్ కోడ్ పేజీలోకి, అంటే కొన్ని అక్షరాలే పట్టే పట్టికలోకి, కుదిస్తుంది. మా కోడ్ పేజీలో తెలుగు లేదు. గుణింతం, వత్తు, సున్నా దేన్నీ వదలకుండా ఒక్కోదానికి ఒక్కో ప్రశ్నార్థకం. గంగులప్ప అన్న పేరుకు ఎనిమిది పడతాయి. ఒకసారి అలా పడ్డాక తిరిగి రాబట్టే మంత్రమేదీ లేదు.

తెలుగు రైతుల కోసం, తెలుగు గడ్డ మీద రాసిన ప్రోగ్రాం ఇది. ఒక్క తెలుగు పేరు కొట్టి చూసుంటే బయటపడేది. 'టెస్ట్' అని ఇంగ్లిష్‌లో కొట్టుకుని సంబరపడి పంపేశారు. ఇలా అతికించే కోడ్‌తో పేరు గడిలో దొంగ ఆదేశాలు దూర్చే ఇంజెక్షన్ దాడికి తలుపులు బార్లా తెరిచినట్టే, ఆ సంగతి వేరే.

నేను పట్టుకున్న ఆ రికార్డు (ట్రేస్) పంపితే ఆయన తప్పు ఒప్పుకోలేదు, తెలుగు కూడా పట్టే యూటీఎఫ్-8 కొలేషన్‌కి మారమన్నాడు. 2019 వెర్షన్ నుంచి ఆ సౌకర్యం ఉన్న మాట నిజమే. కానీ పేరు కాలమ్‌కు ఎన్‌వార్‌చార్ బదులు వార్‌చార్ 30 పెడదామన్నాడు. అక్కడ 30 అంటే బైట్లు, తెలుగులో ఒక్కోదానికి మూడేసి కావాలి. సుబ్రహ్మణ్యం అన్న పేరుకే 36 అవుతాయి. ఈ లెక్క కాగితం మీద వేసి ఓనరు ముందు పెట్టాను. ఈసారి స్పీకర్ ఫోన్లో మాట్లాడింది నేను. మర్నాటికి పారామీటర్లతో సరిచేసిన వెర్షన్ వచ్చింది, నా రిస్టోర్ గురించి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పోయిన పేర్లను గేటు రిజిస్టర్లో వాచ్‌మన్ చేత్తో రాసుకున్న జాబితా చూసి మళ్లీ ఎక్కించాం. మీ దగ్గర కూడా కొత్త వెర్షన్ పెట్టేటప్పుడు ముందు టెస్ట్ డేటాబేస్‌లో వత్తులున్న పేరు ఒకటి కొట్టి, యూనికోడ్ నంబరు అడిగి చూడండి. 63 వస్తే సంతకం పెట్టకండి.

నిన్న ఆయన దగ్గర నుంచి బిల్లు వచ్చింది, 'తెలుగు సపోర్ట్ ఛార్జీలు' అని. ట్రేస్ ఫైలు జతచేసి తిప్పి పంపాను.