మంచి క్యాన్సరే వచ్చిందిలే అన్నారు

అక్టోబర్ వచ్చిందంటే మా చిన్నాన్న దగ్గర్నుంచి ఒక ఫార్వర్డ్ ఖాయం. 2018లో జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకి నోబెల్ వచ్చినప్పుడు "క్యాన్సర్‌కి మందు కనిపెట్టేశారంట్రా, మీ డాక్టర్‌ని అడుగు" అని పంపాడు, మళ్లీ 2025లో బ్రంకో, రామ్స్‌డెల్, సకగుచిలకి వచ్చినప్పుడూ అక్షరం పొల్లు పోకుండా అదే మెసేజ్. అవి ఇమ్యూనిటీ సంగతులు చిన్నాన్నా, మన ఒంట్లో జబ్బులతో పోరాడే టీ కణాలకి బ్రేకులు ఎక్కడున్నాయి, వాటిని ఎవరు అదుపులో పెడుతున్నారు అనేది వాళ్లు చెప్పింది, నా జబ్బుది వేరే దారి అని ఎన్నిసార్లు చెప్పానో. నా జబ్బుకి మందు ఎప్పుడో వచ్చింది. దానికి నోబెల్ రాలేదు, అంతే.

నాది సీఎంఎల్, అంటే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, ఒక రకం బ్లడ్ క్యాన్సర్. 2015లో తెలిసింది. తెలియక ముందు ఓ మూడు నెలలు రాత్రిళ్లు దిండు తడిసిపోయేంత చెమటలు, రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోవడం, ఎడమవైపు పక్కటెముకల కింద ఏదో బరువు. మొదట చూసిన డాక్టర్ గ్యాస్ అన్నాడు, నేనూ గ్యాసే అనుకున్నా, గ్యాస్ మాత్రలు రెండు నెలలు మింగా. తర్వాత ఎందుకో సీబీసీ, అంటే రక్తకణాలు లెక్కపెట్టే పరీక్ష, చేయిస్తే తెల్లకణాలు 1,86,000 అని వచ్చింది. మామూలుగా 4,000 నుంచి 11,000 మధ్య ఉండాలి. మెషిన్ తప్పేమో అని ల్యాబ్ అబ్బాయి మళ్లీ బ్లడ్ తీసుకున్నాడు, పాపం నాకంటే వాడి మొహమే ఎక్కువ పాలిపోయింది. కడుపులో ఆ బరువు స్ప్లీన్, అంటే ప్లీహం అట, ఉబ్బి ఉబ్బి పొట్టకి చోటు లేకుండా చేసింది.

బోన్ మ్యారో టెస్ట్ గురించి అందరూ సూది సూది అని భయపెడతారు, సూది కాదు అసలు నొప్పి, లోపలున్న మజ్జని సిరంజితో లాగే ఆ రెండు సెకన్లు. కాలు లోపల్నుంచి ఎవరో తాడు గుంజినట్టుంటుంది.

రిపోర్ట్ వచ్చాక డాక్టరమ్మ ప్రిస్క్రిప్షన్ వెనక రెండు గీతలు గీసి చెప్పింది. 9వ క్రోమోజోమ్ చివర్నుంచి ఒక ముక్క, 22 నుంచి ఒక ముక్క తెగి చోట్లు మార్చుకున్నాయి, అలా మారడంలో ఏబీఎల్ అనే జన్యువు వెళ్లి బీసీఆర్ అనేదాని పక్కన అతుక్కుంది, ఆ రెండూ కలిసి తయారుచేసే ప్రోటీన్ వల్లే ఇదంతా. కాలింగ్ బెల్ బటన్ నొక్కితే లోపలే ఇరుక్కుపోయి మోగుతూనే ఉంటుంది చూడండి, అలా ఆ ప్రోటీన్ కణాలకి "పెరుగు, పెరుగు" అని ఆగకుండా చెప్తూనే ఉంటుంది. పుట్టుకతో వచ్చింది కాదు, పిల్లలకి రాదు అని కూడా చెప్పింది, ఆ ఒక్క మాటకి మా అక్క అక్కడే ఏడ్చేసింది.

ఆ తర్వాత మొదలైంది "మంచి క్యాన్సరే వచ్చిందిలే" అనే పాట. రోజుకో మాత్ర అంట కదా, బీపీ లాగే కదా, జుట్టు కూడా ఊడదంట కదా. అన్నవాళ్లది తప్పనను, ధైర్యం చెప్పాలనే అన్నారు. కానీ మంచి క్యాన్సర్ అన్నాక నీకు భయపడే హక్కు కూడా ఉండదు. పక్క కుర్చీలో కీమో సెలైన్ ఎక్కించుకుంటున్న మనిషి ముందు మాత్రల స్ట్రిప్ చేత్తో పట్టుకుని కూర్చుంటే దొంగతనం చేసినట్టుండేది.

మాత్ర ఇమాటినిబ్, 400 మిల్లీగ్రాములు, తిన్నాక పెద్ద గ్లాసుడు నీళ్లతో. నెల తిరక్కుండానే కౌంట్ మామూలుకొచ్చింది. నిజంగా మ్యాజిక్కే. కానీ పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బి రాత్రంతా ఏడ్చినట్టుండేది, అర్ధరాత్రి పిక్కలు పట్టేసి మంచం దిగి గోడ పట్టుకుని నిలబడేవాణ్ణి, వికారం సరేసరి. ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. కౌంట్ బానే ఉందిగా అని శని ఆదివారాలు మాత్ర మానేయడం మొదలుపెట్టా, ఎవరికీ చెప్పలేదు. మూడో నెల పీసీఆర్‌లో, అంటే ఆ అతుక్కున్న జన్యువు రక్తంలో ఇంకా ఎంత ఉందో కొలిచే పరీక్షలో, బీసీఆర్-ఏబీఎల్ 10 శాతం లోపు ఉండాలి, నాకు 14 వచ్చింది. డాక్టరమ్మ తిట్టలేదు, ఖాళీ స్ట్రిప్పులు తెమ్మంది. లెక్కేసింది. నావైపు చూసింది. ఆ చూపు ఈ రోజుకీ గుర్తే. కౌంట్ పైన కనిపించేది మాత్రమే, లోపల ఆ తొమ్మిది-ఇరవై రెండు కణాలు ఇంకా ఉన్నాయి, నువ్వు సెలవిచ్చిన రోజు అవి సెలవు తీసుకోవు అంది. ఆ రోజే ఫోన్‌లో రాత్రి 8:30కి అలారం పెట్టా, మళ్లీ మిస్ కాలేదు. ఏడాది తిరిగేసరికి 0.1 శాతం కిందకి వచ్చింది.

పిక్కల నొప్పితో నిద్రపట్టని ఆ రాత్రుల్లోనే ఈ మాత్ర ఎక్కణ్ణుంచి వచ్చిందా అని చదవడం మొదలుపెట్టా. 1950ల్లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్ అనే ఆయన లుకేమియా కణాల స్లైడ్లని పొరపాటున మామూలు పంపు నీళ్లతో కడిగేస్తే కణాలు ఉబ్బి క్రోమోజోములు విడివిడిగా కనిపించాయట. ఆయనకి వాటి గురించి పెద్దగా తెలీదు, తెలిసిన కుర్రాడు డేవిడ్ హంగర్‌ఫోర్డ్‌ని వెతికి పట్టుకున్నాడు, అతనే సీఎంఎల్ కణాల్లో ఒక చిట్టి క్రోమోజోమ్‌ని కనిపెట్టింది. 1960లో అచ్చయింది, దానికి ఊరి పేరే పెట్టారు, ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అని. అది ఎందుకు చిన్నదైందో తెలియడానికి ఇంకో పదమూడేళ్లు పట్టింది. షికాగోలో జానెట్ రౌలీ, నలుగురు కొడుకుల తల్లి, పార్ట్‌టైమ్‌గా పనిచేస్తూ క్రోమోజోముల ఫోటోలని కత్తిరించి ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద పరిచి జతలు కలుపుతూ ఉంటే, అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు ఏడిపించేవాళ్లట. ఆ టేబుల్ మీదే 22లో పోయిన ముక్క 9 మీద కనిపించింది. 1973లో అచ్చయింది. మా డాక్టరమ్మ ప్రిస్క్రిప్షన్ వెనక గీసిన రెండు గీతలు అవే!

ఇరుక్కుపోయిన ఆ ప్రోటీన్‌ని ఆపే మందు నికోలస్ లిడన్ వాళ్లు తయారుచేస్తే, బ్రయాన్ డ్రకర్ దాన్ని సీఎంఎల్ కణాల మీద పరీక్షించాడు. ఈ జబ్బు వచ్చేవాళ్లే తక్కువ, ఎవరు కొంటారు అని కంపెనీ వెనకాడితే వెంటపడి వెంటపడి 1998 జూన్‌లో మనుషుల మీద ట్రయల్ మొదలుపెట్టించాడు. అప్పటిదాకా వాడుతున్న ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు పనిచేయకనో తట్టుకోలేకనో వచ్చినవాళ్లు వాళ్లంతా. 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి కౌంట్ మామూలైపోయింది. ఆ 53 చూసి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా. ఆ 54వ మనిషి గురించే ఆలోచిస్తూ పడుకున్నా, ఎందుకో.

2001 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది. 1960 నుంచి లెక్కేస్తే నలభై ఒక్క ఏళ్లు. నాకు ఇదే జబ్బు ఇరవై ఏళ్లు ముందొచ్చుంటే ఇంటర్‌ఫెరానో, దాత దొరికితే మజ్జ ట్రాన్స్‌ప్లాంటో, దాదాపు అంతే ఉండేది.

అవార్డులు రాలేదని కాదు. 1998లో నోవెల్‌కి, రౌలీకి లాస్కర్ అవార్డు, అమెరికాలో వైద్య పరిశోధనకిచ్చే పెద్ద అవార్డు, వచ్చింది, అప్పటికి హంగర్‌ఫోర్డ్ పోయి ఐదేళ్లు. 2009లో డ్రకర్, లిడన్, ఇదే మందు మీద పనిచేసిన చార్ల్స్ సాయర్స్‌లకి లాస్కర్, 2012లో రౌలీ, డ్రకర్, లిడన్‌లకి జపాన్ ప్రైజ్. 2013లో రౌలీ పోయారు. పోయినవాళ్లకి నోబెల్ ఇవ్వరు. ఇప్పుడిచ్చినా ఆ డైనింగ్ టేబుల్‌కి రాదు కదా అని నాకు మాత్రం ఒక ఉక్రోషం, ఆమెకి ఉండేదో లేదో.

ఓపీలో పరిచయమైన ఒకాయనకి మాత్ర పనిచేయడం మానేసింది. టీ315ఐ అని ఒక మ్యుటేషన్, అంటే జన్యువులో మార్పు, దానివల్ల ప్రోటీన్‌లో మందు కూర్చునే చోటే మారిపోతుంది, ఇమాటినిబ్‌కి ఇక అందులో కూర్చోవడానికి వీలుండదు. ఆయన ఇప్పుడు అసిమినిబ్ మీద ఉన్నాడు, 2021లో వచ్చింది, అది ఆ చోటు జోలికే పోకుండా అదే ప్రోటీన్‌లో ఇంకో గుంటలో దూరి ఆపుతుంది. ముందు తలుపు తాళం మారిస్తే వెనక తలుపులోంచి వచ్చినట్టు అని ఆయనే నవ్వుతూ చెప్పాడు.

నాకు మూడేళ్లకి పైగా పీసీఆర్‌లో అసలు కనిపించనంత తక్కువలో ఉన్నాక డాక్టరమ్మ "మాత్ర ఆపి చూద్దామా" అంది. ఫ్రాన్స్‌లో 2010లో వచ్చిన స్టడీలో ఇలాంటివాళ్లు వంద మంది ఆపితే దాదాపు 40 శాతం మందికి జబ్బు తిరిగి రాలేదు, వచ్చినవాళ్లకి మళ్లీ మాత్ర వేస్తే మళ్లీ తగ్గింది. నలభై శాతం! అరవై గురించి అక్క అడిగింది, నేను అడగలేదు. 2025 ఏప్రిల్‌లో ఆపా. విచిత్రం ఏంటంటే ఆపాక ఒళ్లు నొప్పులు మొదలయ్యాయి, మోకాళ్లు, భుజాలు, కొంతమందికి ఇలా వస్తుందట, పదేళ్ల అలవాటు పోతే ఒళ్లు అలిగినట్టుంది. నెలనెలా పీసీఆర్. మూడో నెల 0.02కి ఎక్కింది, 0.1 దాటితే మళ్లీ మాత్ర మొదలుపెట్టాలి, ఆ నాలుగు వారాలు నేను ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నాలుగో నెల 0.006. అక్టోబర్‌కి మళ్లీ ఏమీ కనిపించలేదు, తిరిగొస్తే ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే వస్తుంది కాబట్టి ఇక రెండు నెలలకోసారి చాలంది.

8:30 అలారం తీసేయలేదు, మోగుతుంది, ఆపుతా. చిన్నాన్న నోబెల్ ఫార్వర్డ్ వచ్చిన రోజు అది మోగినప్పుడే కూర్చుని పంపు నీళ్ల కథ, కాగితం బొమ్మల కథ మొత్తం టైప్ చేసి పంపా, అరగంట పట్టింది. బ్లూ టిక్ పడింది. పొద్దున చూస్తే గుడ్ మార్నింగ్ అని గులాబీ పువ్వు పంపాడు.